అడ్రసడిగితే సొంతూరు చెప్పాను

మనవరాలికి ఒకటో తరగతిలో సీటు కోసం తెనాలిలో మా వీధి చివరున్న బడికి నేనే వెళ్లాను. ఆ బడికి గిరాకీ ఎక్కువ. ఉన్న సీట్లకి మించి పిల్లలొస్తే దగ్గర్లో ఉండేవాళ్లకే ముందు ఇస్తారు. అంటే మాకు వచ్చినట్టే. కోడలు తోడొస్తానంటే, "అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఈమాత్రం చెప్పుకోలేనా?" అని కసిరాను.

కంప్యూటరు ముందున్న అమ్మాయి, "అడ్రసు చెప్పండి పెద్దమ్మా" అంది.

"మాది నందివెలుగమ్మా. పుట్టిల్లు బాపట్ల" అన్నాను, పెళ్లిచూపులకి వెళ్లినట్టు. నందివెలుగులో ఇల్లు అమ్మేసి తెనాలి వచ్చి ఏళ్లయింది. అయినా ఎవరేమడిగినా నా నోట్లోంచి ముందు ఆ ఊరే వస్తుంది.

ఆ అమ్మాయి టైపు చేసి, కాగితం తీసి, "వేలిముద్ర వేస్తారా?" అంది. నాకు ఒళ్లు మండింది. చదవకుండానే ఇంత పొడుగు సంతకం పెట్టి వచ్చాను.

సీటు రాలేదు. పోట్లాటకి వెళ్లాను.

"మీది దూరం కదండి?"

"దూరమేంటే! మీ బడి గంట మా వంటింట్లోకి వినపడుతుంది!"

"నందివెలుగని మీరే చెప్పారుగా?"

"అది సొంతూరు! సొంతూరు చెప్పుకోమా?"

"కంప్యూటరుకి అదేం తెలుస్తుంది పెద్దమ్మా? సీట్లు అయిపోయాయి."

ఇంటికొచ్చి చెప్తే కోడలు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. బస్టాండు అవతలి బడిలో పిల్లని చేర్చింది. మొదటి రోజు పొద్దున్నే పుస్తకాల సంచీ తెచ్చి నా భుజానికి తగిలించింది.