కాదు మామయ్య

ఎవరేమన్నా ముందు "కాదు" అనడం, ఆ తర్వాత వాళ్ళేమన్నారో ఆలోచించడం. కాదు మామయ్యకున్న వింత అదొక్కటే, మిగతా అన్నిట్లో అందరిలాంటి మనిషే. అసలు పేరు ఒకటుండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే దానిక్కూడా "కాదు" అంటాడేమోనని జనం మానేశారు.

చేసేది దర్జీపని. "కొంచెం వదులుగా కుట్టండి" అంటే "కాదు, నువ్వు కొంచెం తగ్గు" అనేవాడు. "చెయ్యి పొట్టిగా వచ్చిందండీ" అంటే "కాదు, నీ చెయ్యే పొడుగు" అనేవాడు. అయినా కొట్టు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. కుట్టుపని బాగుండేది. పైగా ఇంట్లో తమ మాట చెవిన పెట్టేవాళ్ళు లేని మగవాళ్ళకి, కనీసం ఎదురు చెప్పేవాడైనా ఒకడు దొరికాడన్న తృప్తి ఉండేది.

ఈ "కాదు"ల పోరు ఎక్కువగా పడింది ఆయన మేనకోడలి మీద. ఆవిడ వార్డు సభ్యురాలు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలకి మూతబడ్డ కాలేజీ హాస్టల్లో చోటిచ్చినప్పటి నుంచీ ఆవిడకి ఆదివారమన్నది లేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వార్డు హాల్లో సభ. వాళ్ళుండాలా, పోవాలా? కిటికీ పక్క వరసలో కూర్చున్నవాళ్ళు పోవాలంటారు, గోడ పక్క వరసవాళ్ళు ఉండాలంటారు. ఎవరి తర్వాత ఎవరు లేస్తారో, ఏమంటారో ఆవిడకి కంఠతా వచ్చేసింది. మాట్లాడేవాళ్ళు తడుముకుంటే విసుగ్గా ఆవిడే అందించేది.

కాదు మామయ్య సరిగ్గా మధ్యలో, నడిచే దారిలో కుర్చీ వేసుకునేవాడు.

"వాళ్ళొచ్చాక మన వీధి మారిపోయింది," అనేవాడు రొట్టెల కొట్టాయన.

"కాదు. ఈ వీధి మారుతుందేమోనని పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. మురిక్కాలవ ఎక్కడిదక్కడే ఉంది."

గోడ పక్కవాళ్ళు మురిసిపోయేలోపు వాళ్ళ తరఫున టీచరమ్మ లేచేది. "పాపం, వాళ్ళెంత మంచివాళ్ళండీ. ఎంత అణకువ."

"కాదు. నిన్న బస్సెక్కుతుంటే అందులో ఒకాయన నన్ను మోచేత్తో పక్కకి నెట్టాడు. అచ్చం మనలాగే ఉన్నారు."

దాంతో రెండు వరసలూ ఆయన్ని అవతలి వరస మనిషనుకునేవి.

ఇంటికొచ్చాక మేనకోడలు చెప్పులు విడిచి, కుర్చీలో కూలబడి అడిగేది. "మామయ్యా, నువ్వసలు ఎటు పక్క?"

"కాదు."

"నేనడిగింది విన్నావా?"

"వినే అన్నాను. పక్కలేమిటి, నేనేమన్నా పడుకోవడానికొచ్చానా?"

పోనీ సభలతో ఆగాడా అంటే అదీ లేదు. ఊరివాళ్ళిచ్చిన పాత కోట్లు హాస్టల్లోవాళ్ళకి గోనెసంచుల్లా వేలాడుతున్నాయని, కుట్టుమిషను పట్టుకెళ్ళి అక్కడి వరండాలో పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి హాస్టల్ వాచ్‌మన్ మేనకోడల్ని దారిలో ఆపాడు. "అమ్మా, మీ మామయ్యగారు రోజూ గొడవేనండీ. ఆడా మగా లేదు, అందరితోనూ. ఆ అరుపులు గేటుదాకా వినబడుతున్నాయి."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. "ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళతో నీకు తగువులేమిటి మామయ్యా?" అంది.

"కాదు. వాళ్ళే మొదలుపెడతారు," అన్నాడాయన, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇంకోసారి అడిగే ఓపిక లేక ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి ఓటింగు ఆదివారం వచ్చింది. ఆ కుటుంబాల్ని ఊరికి దూరంగా, కంచె వేసిన శిబిరానికి పంపేయాలని రొట్టెల కొట్టాయన తీర్మానం పెట్టాడు. హాస్టల్ వాళ్ళు కొందరొచ్చి వెనక వరసలో సర్దుకుని కూర్చున్నారు. వాళ్ళ ఒంటిమీద కోట్లు మాత్రం కొలిచి కుట్టినట్టున్నాయి. చేతులు ఎటు ఎక్కువ లేస్తాయో మేనకోడలికి ముందే తెలుసు. కిటికీ పక్క కుర్చీలు చాలక జనం నిలబడ్డారు.

"నాకెవరి మీదా పగ లేదు," అన్నాడు రొట్టెల కొట్టాయన. ఆయన గొంతులోనూ అలసటే ఉంది. "కానీ ఇన్నాళ్ళయినా మన భాషలో ఒక్క ముక్క రాదు. మనతో కలవరు. కలవనివాళ్ళతో ఎలా బతకడం?"

"కాదు."

అందరూ దారిలో కుర్చీవైపు చూశారు. మామయ్య నోరు మూసుకునే ఉన్నాడు. మాట వెనక వరస నుంచి వచ్చింది. వాళ్ళ దేశంలో నర్సుగా పనిచేసిన ఒకావిడ లేచి నిలబడి ఉంది.

"నేను రోజూ మీ కొట్టుకి వస్తాను. నమస్కారం అంటాను. మీరు రొట్టె వైపు వేలు చూపిస్తారు, తల ఊపుతారు. వేలితో మాట్లాడేవాళ్ళ దగ్గర నోటి భాష ఎలా వస్తుంది? ఒక్క ముక్క రాదని మీరు అబద్ధం చెప్తున్నావు."

"కాదు," అన్నాడు మామయ్య వెనక్కి తిరిగి. "మీరు అన్నాక 'చెప్తున్నారు' అనాలి."

"కాదు. కోపం వచ్చినప్పుడు 'చెప్తున్నావు' అనే అనాలి. నువ్వే చెప్పావు."

"నేను చెప్పింది 'నువ్వు' అన్నప్పుడు."

"కాదు, కాదు," అని ఆవిడ పక్కనున్న ముసలాయన కూడా లేచాడు. "ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఈవిడ చెప్పిందే నిజం. నువ్వెప్పుడూ మాట మారుస్తావు."

వెనక వరస వరసంతా తగువులో దిగింది. తప్పులూ ఒప్పులూ కలిపి గలగలా మాట్లాడేస్తున్నారు. ముందు గోడ పక్కవాళ్ళు నవ్వారు, తర్వాత కిటికీ పక్కవాళ్ళు. రొట్టెల కొట్టాయన కాసేపు చూసి, తల గోక్కుని, "రేపొచ్చినప్పుడు మాట్లాడతానమ్మా," అని కూర్చున్నాడు. తీర్మానానికి చేతులెత్తమంటే ఆయన చెయ్యి సగం లేచి ఆగిపోయింది. బొటాబొటీగా తీర్మానం వీగిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక మేనకోడలు మెట్లమీద మామయ్య పక్కన చతికిలబడింది. "వాళ్ళకి భాష నేర్పుతున్నానని ఒక్కసారైనా చెప్పచ్చు కదా."

"కాదు. నేర్పలేదు, దెబ్బలాడాను. మీరంతా వాళ్ళతో మహా మర్యాదగా మాట్లాడతారు. మర్యాదలు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకే. ఇంట్లోవాళ్ళతో ఎవరైనా మర్యాదగా మాట్లాడతారా?"

ఆవిడ ఏదో అనబోయేంతలో ఆ నర్సు కోటు చెయ్యి చూపిస్తూ దిగివచ్చింది. "ఇది పొట్టిగా కుట్టావు."

"కాదు, నీ చెయ్యే..."

"కాదు. మొన్న కొలత తీసేటప్పుడు నీకు కళ్ళజోడు లేదు."

"అది నిజమే మామయ్యా," అంది మేనకోడలు. చాలా నెలల తర్వాత మొదటిసారి ఆవిడకి నవ్వొచ్చింది.

కాదు మామయ్య ఆవిడకేసి చిరాగ్గా చూశాడు.

"మా ఇంటి గొడవల్లో బయటివాళ్ళు దూరకూడదమ్మా," అన్నాడు.