అత్తను వాకిట్లో ఆపిన గుడి

తిరుత్తణిలో మా ఏసు గుడికి కోర్టువాళ్ళు తాళం వేసి సీలు పెట్టేనాటికి నాకు పెళ్ళయి ఏడాది. నన్ను చేసుకున్నది మా మేనత్త కొడుకే. అంటే మా అత్త మా నాయనకు తోడబుట్టిన అక్క. గుడి ఎవరిదన్న తగాదాలో సంఘం రెండుగా చీలినప్పుడు మా ఇల్లు కూడా చీలింది. గుడి కట్టించిన మిషన్ సంస్థ కిందే ఉండాలన్నవాళ్ళలో నా భర్త ముందు నిలబడ్డాడు. వేరుగా ట్రస్టు పెట్టుకుందామన్నవాళ్ళకు పెద్ద మా నాయన. ఒక ఆదివారం ఆరాధన జరుగుతుండగానే చేయి చేసుకున్నారు. పోలీసులు వచ్చారు. తీర్పు వచ్చేదాకా ఎవరూ లోపలికి పోకూడదని కోర్టు చెప్పింది.

తీర్పుకు ఎనిమిదేళ్ళు పట్టింది.

వాయిదా ఉన్నప్పుడల్లా ఇద్దరూ పొద్దున ఒకే బస్సులో తిరువళ్ళూరు కోర్టుకు పోయేవాళ్ళు. నా భర్త ముందు సీట్లో, మా నాయన చివరి సీట్లో. నేను పులిహోర రెండు పొట్లాలు కట్టి నా భర్తకు ఇచ్చేదాన్ని, ఒకటి నాయనకని. సాయంత్రం ఒకటి అట్లాగే తిరిగొచ్చేది. "తీసుకోలే" అనేవాడు నా భర్త. అసలు ఇచ్చాడో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆదివారాలు మా పక్షం వాళ్ళం ఒక బియ్యం మిల్లు రేకుల షెడ్డులో కూడేవాళ్ళం. నాయన పక్షం ఇంకెక్కడో కూడేది. అత్త మాత్రం ఎటూ పోలేదు. తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, తాళం వేసిన గేటు ముందర నిలబడి ప్రార్థన చేసుకుని వచ్చేసేది. "నా కొడుకూ నా తమ్ముడూ కొట్లాడుకుంటే దేవుడు ఏం చేసినాడమ్మా? నేను ఆయన దగ్గరికే పోతా" అనేది.

ఆరో ఏట ఆమెకు కామెర్లు వచ్చాయి. ఇక లేవనని తెలిసిపోయింది. "నేను పోయినాక నన్ను గుడిలోకి తీసుకపోయి, ఆడనించి ఎత్తండి. ఒక్క గంట చాలు" అంది. మా వకీలును అడిగితే, రెండు పక్షాలూ సంతకం పెడితే జడ్జి ఒక గంట తెరిపిస్తాడన్నాడు. సంతకం కాగితం పట్టుకుని నేనే పుట్టింటికి పోయాను.

నాయన కాగితం చూశాడు కానీ చేతిలోకి తీసుకోలేదు.

"మా వకీలు వద్దన్నాడు. ఒకసారి దీనికి ఒప్పుకుంటే కేసు పోతాదంట."

"నీ అక్క, నాయనా."

"నాకు తెలీదా? పోమ్మా."

అత్త ఆ వారంలోనే పోయింది. పెట్టెను గేటు ముందర రోడ్డు మీద దించారు. మిట్టమధ్యాహ్నం. ప్రార్థన చేసే పాస్టరు అయ్యగారికి ఎవరో గొడుగు పట్టారు. బస్సులు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. అవతల సైకిల్ షాపు దగ్గర మా నాయన తల మీద తుండు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు దాటలేదు. పెట్టె ఎత్తేదాకా అట్లాగే నిలబడి, మేము కదిలినాక అటు తిరిగి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు నేను పుట్టింటి గడప తొక్కలేదు.

తీర్పు మాకే వచ్చింది. కోర్టు అమీనా వచ్చి సీలు పగలగొట్టాడు. తుప్పు పట్టిన తాళం తెరుచుకోలేదు, కొయ్యించాల్సి వచ్చింది. లోపల గబ్బిలాల వాసన. గోడ మీది పలకలో ఆ కొట్లాట ఆదివారం పాటల నంబర్లు అట్లాగే ఉన్నాయి. మూడింటిలో రెండే పాడాము ఆ రోజు. ఆడవాళ్ళ చాపలు చెదలు తినేశాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్తోత్రం అనలేదు. అందరం చీపుర్లు పట్టుకున్నాం.

మొదటి ఆరాధనలో కొత్త చాపలు పరిచారు. అత్త ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క చోటును, ఎవరూ చెప్పకుండానే, ఆడవాళ్ళందరూ వదిలిపెట్టారు. అత్త పాటలో ప్రతి చరణానికీ ఒక మాట వెనకబడి పాడేది. ఆ రోజు మేము ఆపినాక కూడా ఆ పక్కనుంచి ఒక మాట వినబడింది నాకు. పక్కనున్న ఆమె నా చేయి పట్టుకుంది. ఆమె చేయి చల్లగా ఉంది. మేమిద్దరం ఆ సంగతి ఇప్పటికీ మాట్లాడుకోలేదు. తల తిప్పి చూస్తే గుడి సగానికి సగం ఖాళీ. రానివాళ్ళలో కొందరు సమాధుల దొడ్డిలో, మిగతావాళ్ళు మా నాయన పక్షం.

మరుసటి రోజు నాయన దగ్గరికి పోయాను. నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"గుడి తెరిచినారు నాయనా. ఆదివారం రా."

"గెలిచినోళ్ళు పిలస్తే రావాల్నా?"

"వాళ్ళు పిలవలే. నేను పిలస్తా ఉండా."

తల వీధి వైపు తిప్పుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఆ రోడ్డున పోయేటప్పుడంతా చూస్తా ఉండానమ్మా. అక్క ఇంకా ఆడనే ఉండాది, గేటు ముందర. లోపలికి పోవాలంటే ఆమెను దాటాల. నేను యాడ దాటేది?"

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఎందుకంటే నేను కూడా ఆ గేటు దగ్గర ప్రతిసారీ ఒక అడుగు పక్కకు జరిగే నడుస్తున్నాను.

కొన్ని నెలలు పోయాక, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైన ఆదివారం వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, గోడను రాసుకుంటూ వచ్చాడు. అయితే వరండాలోనే కింద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారమూ వరండాలోనే. లోపలికి రమ్మని అయ్యగారు రెండుసార్లు పిలిచి మానుకున్నారు.

ఈస్టరుకు రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇస్తున్నారు. వరుస అంతా అయిపోయింది. అయ్యగారు గిన్నె మీద గుడ్డ కప్పబోతుంటే నా భర్త లేచాడు. కన్నతల్లి పెట్టెను రోడ్డు మీద దించుకున్నవాడు.

"మామ బయట ఉండాడు అయ్యగారూ" అన్నాడు.

సంఘపెద్దల్లో ఒకరు ఏదో అనబోయారు. అయ్యగారు ఆగకుండా గిన్నె పట్టుకుని వరండాలోకి నడిచారు. కిటికీలోంచి నాకు మొదట మా నాయన చేతులు కనిపించాయి. అవి చెప్పులను పట్టుకునే ఉన్నాయి, అయ్యగారే రొట్టె ముక్క ఆయన నోటికి అందించారు.