అవ్వ మెడలో గుడ్డపూసల దండ

మా చిన్నప్పుడు వేసవి సెలవులొచ్చాయంటే ఆడపిల్లలమంతా రసూలన్న కుట్టుమిషను చుట్టూనే ఉండేవాళ్లం... రసూలన్న మా పక్కింటి దర్జీ. ఆయన కత్తెర కింద రాలే గుడ్డముక్కల కోసం కోడిపిల్లల్లా కాచుకుని కూర్చునేవాళ్లం. పూలపూల ముక్క ఒకటి పడిందంటే జుట్లు పట్టుకోవడమే!

శింగనమల దగ్గర పల్లె మాది. కొనుక్కునే దండలు ఎప్పుడో తిరునాళ్లకు. మిగతా ఏడాదంతా మా మెడల్లో ఉండేవి రసూలన్న భార్య మాబున్నక్క నేర్పిన గుడ్డపూసల దండలే.

గుడ్డపూస చూడ్డానికి సులువే... చేస్తే తెలుస్తుంది. పీలికను ఒక కొస వెడల్పుగా, ఇంకో కొస సన్నగా కత్తిరించాలి. చీపురుపుల్లకు బిగించి చుట్టాలి. కొసకు గంజి రాసి, ధర్మవరం మగ్గాల దగ్గర నుంచి ఎవరో ఒకరు తెచ్చే పట్టుదారం ముక్కతో పూస నడుమ కట్టాలి. ఎండలో ఆరాక పుల్ల లాగేస్తే పూస తయారు.

గుచ్చడానికి కిత్తనార... చేను గట్ల మీద ముళ్లతో పెరిగే కిత్తాకును నానబెట్టి, చితగ్గొట్టి తీసే నార. దాన్ని తొడ మీద పేనాలి. నేను అరచేతిలో ఉమ్మి వేసుకుంటే మాబున్నక్క నెత్తిన మొట్టేది.

"ఉమ్మెందుకే? నీళ్లు ల్యావా?"

నార సరిగా కడక్కపోతే మెడంతా ఒకటే దురద. ఆ దురద పడని పిల్ల మా వీధిలో లేదు.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. చెల్లెలికి చేశాను, బొమ్మకు చేశాను, ఆఖరికి మేకపిల్లకు కూడా చేశాను. ఒక్క మా అవ్వ మెడే బోసిగా ఉండేది. అవ్వంటే మా నాయన తల్లి. తాత పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆమె మెడలో ఏమీ ఎందుకు లేదో నాకు తెలీదు, ఎవరూ చెప్పలేదు. లేదు కాబట్టి చేసిద్దామనుకున్నాను... అంతే.

ఎర్రవీ పచ్చవీ కలిపి పదిహేను గుడ్డపూసలు చుట్టాను. మధ్యమధ్య మెరిసేవి పడితే ఇంకా బాగుంటుంది కదా... ఆ రోజు సున్నం డబ్బీ తెమ్మంటే అవ్వ వక్కా ఆకూ పెట్టుకునే గుడ్డ తిత్తిలో చెయ్యి పెట్టాను. అడుగున చిన్న గుడ్డమూట తగిలింది. విప్పితే నల్లపూసలు! దారం కూడా లేదు, విడివిడిగా ఉన్నాయి. ఊరికే పడున్నాయనుకుని నొక్కేశాను.

"ఈ నల్లపూసలు యాడివి పాపా?" అని మాబున్నక్క అడిగింది.

"మాయమ్మ ఇచ్చింది" అన్నాను. అబద్ధాలకు అప్పట్లో తడుముకునేదాన్ని కాదు. దండ ఎవరికో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున మా వసారాలో ఆడవాళ్లంతా విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నారు. నేను వెనక నుంచి వెళ్లి దండ అవ్వ మెడలో వేసి చప్పట్లు కొట్టాను.

నా చప్పట్లే వినిపించాయి. ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏం పనే ఇది! మొగుడు పోయినామె మెడలో నల్లపూసలేస్తావా? తీయ్ ముందు!" అని ఎదురింటి పెద్దమ్మ అరిచింది. మా అమ్మ పరుగున వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఎందుకు కొట్టిందో అర్థం కాక బావురుమన్నాను.

అవ్వ ఎప్పుడు తీసేస్తుందా అని అందరూ ఆమెనే చూస్తున్నారు. నాకు మాత్రం ఒక్కటే కావాలి... ఆమె తీయకూడదు.

అవ్వ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. ఒక నల్లపూసను తడిమింది. తర్వాత ఇంకోటి... ఇంకోటి... నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"పిల్ల కట్టిన గుడ్డల దండ ఇది. దీనికింత రాద్ధాంతమేమప్పా?" అంది. "ఒలిసేది చూడండి. రేపు వాన పడితే ఇత్తనాల్లేక బిక్కమొగమేసుకోని కూచుంటారా?"

తీయలేదు. మళ్లీ చెనక్కాయలు అందుకుంది. పెద్దమ్మ గొణుక్కుంటూ లేచి వెళ్లిపోయింది.

అందరూ పోయాక అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"తిత్తిలోవేనా?"

తలూపాను. కొడుతుందనే అనుకున్నాను.

"మీ తాత కదిరి తిరునాళ్లలో కొనిచ్చినాడు. ఆయప్ప పోయిన పదోనాడు అందరూ చుట్టూ చేరి తెంచేసిరి. పడినవి పడినాయి... చేతికి దొరికినన్ని పిడికిట్లో దాపెట్టుకుంటి. నాలుగేండ్లు ఎవరికీ చెప్పల్యా."

మెడలో దండ సర్దుకుని, "ఇంగ దాచేది లేదులే. బాగ కట్టినావు... నార మాత్రం కడగల్యా నువ్వు, దురద పెడతాండాది" అని నవ్వింది. నేనూ కళ్లు తుడుచుకుని నవ్వేశాను.

ఊళ్లో కొందరు నాలుగు మాటలన్నారు. అవ్వ చెవికెక్కించుకోలేదు. గుడ్డపూసలు మాసిపోతే ఏటా కొత్తవి చుట్టిచ్చేదాన్ని. నల్లపూసలు మాత్రం అవే... పోయేదాకా ఆమె మెడలోనే ఉన్నాయి. అంత మొండి మనిషి నాకు అవ్వ కావడం నా అదృష్టం.

మొన్న మా ఆఫీసులో నా స్నేహితురాలు గుడ్డపూసల దండ వేసుకొచ్చింది. ఫోన్లో ఆర్డరు పెట్టిందట. ఆమె భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. బాగుందంటూ అందరం చేతుల్లోకి తీసుకుని చూశాం. ఎంతయిందని అడిగారు, నాకూ తెప్పించు అన్నారే గానీ, ఒక్కరూ వేరే మాట అనలేదు. నేను మెల్లగా బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను...

కాలం మారిపోయిందని అందరూ దిగులుపడుతుంటారు. నా దిగులు వేరే... ఇంకాస్త ముందే ఎందుకు మారలేదా అని.

మీ అవ్వలు, నానమ్మలు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఏదైనా ఎప్పుడైనా మీ కంటపడిందా? పడితే కింద రాయండి... వాళ్లు చెప్పుకోలేకపోయారు, మనమైనా చెబుదాం.