గుమ్మం లేని గది

శివరామ్ మా అమలాపురం కాలేజీలో కంప్యూటర్ మేష్టారు. ఏ తీగ ఎక్కడ తెగిందో ఇట్టే చెప్పగలడు గానీ, ఎదుటి మనిషికి కోపం ఎందుకొచ్చిందో చెప్పలేడు. అలాంటివాడికి 2006లో మా ప్రిన్సిపాల్ గారు ఒక పని అప్పగించారు. ఎం.ఫిల్. పిల్లలు బస్సెక్కి రానక్కర్లేకుండా, గైడుతో ఇంటి దగ్గర్నుంచే థీసిస్ దిద్దించుకునే వెబ్‌సైట్ తయారుచెయ్యాలి. పాపం, వేసవి సెలవులన్నీ దానికే ధారపోశాడు.

మొదట దాన్ని వాడింది ఎకనామిక్స్ చలపతి గారు, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న వీరలక్ష్మి. రొయ్యల చెరువుల్లో పనిచేసే ఆడవాళ్ల కూలి గురించి రాస్తోంది. చంటిబిడ్డను తల్లికి అప్పగించి, కాట్రేనికోనలో నెట్ సెంటర్‌కి వచ్చేది.

ప్రతి బుధవారం సాయంత్రం ఇద్దరూ సైట్ తెరిచేవారు. ఒకరి పేరు పక్కన పచ్చచుక్క రెండోవారికి కనబడేది. అంతే. ఒక్క ముక్క రాసేవారు కాదు. కాసేపటికి చుక్కలు ఆరిపోయేవి. శివరామ్‌కి మతిపోయింది. ప్రోగ్రామంతా తిరగేశాడు, కేబుళ్లు మార్చాడు. తప్పు కనబడితే కదా! నాకు అర్థం కాలేదంటే సరే, కట్టినవాడికే అర్థం కాకపోతే ఎలాగని నాకు ఒళ్లు మండింది.

ఇంతలో చలపతి గారికి విసుగొచ్చింది. ఆ అమ్మాయికి శ్రద్ధ లేదనీ, పేరు తీసేయమని యూనివర్సిటీకి రాసేస్తాననీ అన్నారు. రాస్తే వీరలక్ష్మి పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే. శివరామ్ కంగారుగా ఆమెకి ఫోన్ చేశాడు. అధ్యాయాలన్నీ సిద్ధంగానే ఉన్నాయట. మరి పంపలేదేమని అడిగాడు.

"మేష్టారు పిలవకుండా ఎలా వెళ్తానండీ? గుమ్మంలో నుంచుంటే, ఆయన తలెత్తి రమ్మంటేనే కదండీ లోపలికి వెళ్లేది? నా మీద కోపం వచ్చిందేమో అనుకుంటున్నానండి."

శివరామ్ ఫోన్ పెట్టేసి నా దగ్గరికి వచ్చాడు. తనూ అదే గుమ్మంలో నిలబడి చదువుకున్నవాడే. ఇప్పుడు ఈ సైట్‌లో గుమ్మం ఎక్కడ పెట్టాలని నన్నడిగాడు. నాకేం తెలుసు? ముందు వెళ్లి చలపతి గారికి ఉన్నమాట చెప్పమన్నాను.

ఆ రోజూ బుధవారమే. శివరామ్ చెప్పింది విన్నాక చలపతి గారు తెర వంక చూశారు. వీరలక్ష్మి పేరు పక్కన చుక్క వెలుగుతూనే ఉంది.

"ఇన్ని వారాలూ నుంచునే ఉందా పిల్ల?" అన్నారు.

తర్వాత ఒంటివేలితో మీటలు వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టారు.

కూర్చో అమ్మా.