ఫిలొమీన్ కోడి వండని ఆరేళ్ళు

చచ్చిపోయిన ఆరు వైన్ పీపాలను ఉత్త చూపులతో బతికించిన మనిషి ఫ్రాన్సు మొత్తమ్మీద ఒక్కతే ఉంది, ఆవిడది మా జురా కొండలే. పేరు ఫిలొమీన్ జిరార్దో. ఆవిడ అటకెక్కి కళ్ళెర్రజేస్తే లోపలి వైన్ బెదిరిపోయి, చచ్చే పని వాయిదా వేసుకుంది. నమ్మనివాళ్ళు నాకో గ్లాసు పోయించండి, రెండోసారి ఇంకా బాగా చెబుతాను. వంటల కాలేజీవాళ్ళు నన్ను రెండో ఏడే సాగనంపారు. వాళ్ళకి ఇలాంటి కథ ఒక్కటీ రాదు కాబట్టి నష్టం వాళ్ళకే.

ఫిలొమీన్‌ది అర్బువా నుంచి పైకెళ్ళే రోడ్డు మలుపులో ఆరు బల్లల భోజనశాల. వెనక కాస్త ద్రాక్షతోట. మొగుడు పోయాక తోటా, పొయ్యీ రెండూ ఆవిడవే. ఆదివారం వస్తే బెసాన్సాన్ నుంచి కూడా జనం కార్లేసుకొచ్చేవారు. వాళ్ళొచ్చేది పసుపు వైన్ పోసి, మీగడా మోరెల్ పుట్టగొడుగులూ వేసి వండిన కోడి కోసం. పక్కన గ్లాసులోనూ ఆ వైనే.

ఆవిడకొక పట్టింపు ఉంది. గిన్నెలో పోసిన వైనూ, గ్లాసులో పోసిన వైనూ ఒకే పీపావి కావాలి. “లేకపోతే నోట్లో ఇద్దరు సవతుల్ని కాపురం పెట్టినట్టే” అనేది.

ఇక ఆ పసుపు వైన్ తంతు వేరు. పీపాలో పోసి బిరడా పెట్టాక ఆరేళ్ళ పైచిలుకు దాని ఊసెత్తకూడదు. వైన్ ఏటా కొంచెం ఆవిరైపోయి పైన ఖాళీ పడుతుంది. పడనివ్వాలి. ఆ ఖాళీలో, వైన్ మీద, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు పల్చటి పొర కడుతుంది. వైన్‌కి అదే దుప్పటి. దుప్పటి చిరిగిందా, వైన్ పులిసిపోతుంది. ఫిలొమీన్ అటకమీద అలాంటివి ఆరు పీపాలు, ఆరు వయసులవి ఉండేవి. అన్నిటికన్నా పెద్దదాన్ని ఆ చలికాలమే తెరవాలి.

అప్పుడు దిగాడు లాజార్. ఫిలొమీన్ కూతురు క్లోథిల్డ్‌ని చేసుకోబోయేవాడు. బర్గండీలో తాతముత్తాతల నుంచీ వైన్ చేసే ఇంటి పిల్లాడు. వాళ్ళ దేశంలో పీపాలో వేలెడు ఖాళీ ఉంచితే ఆ మనిషికి పిల్లనివ్వరు. తల్లీకూతుళ్ళు పొలిన్యీ సంతకి వెళ్ళిన పూట, కాబోయే అత్తగారికి సాయం చేద్దామని అటకెక్కాడు. పీపాలన్నీ వెలితిగా కనిపించాయి. పాపం, పెద్దావిడకి ఓపిక లేదనుకున్నాడు. కిందనున్న కొత్త తెల్ల వైన్ మోసుకొచ్చి ఆరింటినీ అంచుదాకా నింపాడు. బిరడాలు బిగించి, గుడ్డపెట్టి తుడిచి మరీ గుమ్మంలో నిలబడ్డాడు.

“అత్తయ్యా, పీపాలన్నీ తగ్గిపోయాయి. నింపేశాను” అన్నాడు.

ఫిలొమీన్ చేతిలో ఉన్న జున్ను ముక్కను బల్లమీద పెట్టింది. “ఏ పీపాలు?”

“అటకమీదవి.”

“ఎన్ని?”

“అన్నీ. మీకు పని తగ్గింది.”

“తగ్గింది నాయనా. ఆరేళ్ళ పని ఒక్కపూటలో తగ్గించావు.”

క్లోథిల్డ్ అడ్డం వెళ్ళింది. “అమ్మా, అతన్ని ఏమీ అనకు. తెలీక చేశాడు.”

“అంటే నాకేమొస్తుంది? పోసినవాడే తోడాలి. బర్గండీ దొరగారూ, రబ్బరు గొట్టం అదిగో. పైకి పదండి.”

పోసినంతా తోడించింది. కానీ పొరలు అప్పటికే తునకలై అడుక్కి దిగిపోయాయి. తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసింది, నేను చెప్పాను కాబట్టి. చలికాలం గడిస్తే పాసయ్యే పీపా కూడా మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చుంది. ఆ అవమానం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పట్నంలో వైన్ వర్తకుడు ఆన్సెల్మ్ కబురందగానే వచ్చాడు. అటకెక్కి వాసన చూసి మూతి విరిచాడు.

“మదామ్, ఇది పోయింది. నాకిచ్చెయ్యండి, వెనిగర్ వాళ్ళకి తోలేస్తాను. బదులుగా పండిన పసుపు వైన్ నేనిస్తా. కోడి పులుసులో పడ్డాక ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది.”

“మీరు తింటారా, అమ్ముతారా?”

“నేను తిననిది అమ్మను. మెట్లు జాగ్రత్త, మూడోది కదులుతోంది.”

ఆ మధ్యాహ్నమే గుమ్మంలో నల్లపలక మీద ‘కోడి’ అన్న మాట తడిగుడ్డతో తుడిచేసింది. అటకకి తాళం వేసింది. పీపాలు మొదటినుంచి ఆరేళ్ళు పడుకోవాలి, అప్పటిదాకా ఆ పొయ్యిమీద కోడి ఎక్కదు, అంతే.

ఆదివారాలు బోసిపోయాయి. కార్లు రావడం, పలక చూడడం, వెనక్కి తిరగడం. ట్రౌట్ చేప ఉంది, దాని పక్కకి పల్చటి తెల్ల వైన్ ఉంది, పొగబెట్టిన సాసేజ్ ఉంది, దానికి ఎర్రది ఉంది. ఎవరికి కావాలి? ఆరు బల్లల్లో మూడింటికి గుడ్డలు పరచడం మానేసింది. భోజనశాల మూతపడుతుందని కాఫీ హోటల్లో పందేలు కాశారు. నేను రెండువైపులా కాశాను.

పెళ్ళి మాత్రం ఆపలేదు. “పిల్లని ఆరేళ్ళు నానబెట్టే అవసరం లేదు” అంది. పెళ్ళివిందులో అందరికీ ట్రౌటే. లాజార్ చేప తింటూ తలెత్తలేదు.

“ఏమిటి అల్లుడుగారూ, ముళ్ళు వెతుక్కుంటున్నారా?” అన్నాను.

“నువ్వు నోరు మూసుకుని తిను” అంది ఫిలొమీన్ నాతో. “వాడు తోటలో నీలాంటివాళ్ళు ముగ్గురి పని చేస్తున్నాడు.”

మరుసటి ఏడు వేసవి ఎండలకి అటక వేడెక్కాక, ఆవిడతో నేనూ పైకి వెళ్ళాను. బిరడా తీసి దీపం పట్టింది. పీపా చీకట్లో నల్లగా కనిపించే వైన్ మీద తెల్లగా, అక్కడొక తునకా ఇక్కడొక తునకా, కొత్త పొర కడుతోంది. నేను గట్టిగా ఊపిరి వదిలాను.

“అటు తిరిగి వదులు” అని బిరడా పెట్టేసింది.

ఆరేళ్ళూ గడిచాయి. ఆన్సెల్మ్ రెండుసార్లు వచ్చి రెండుసార్లు మూడో మెట్టు చూసుకుని దిగాడు. చివరి చలికాలంలో, మంచు పడుతున్న ఓ పొద్దున, ఫిలొమీన్ పీపా తెరిచి ఒక కూజా నిండా తెచ్చింది. పసుపుపచ్చగా మెరుస్తోంది. ఇల్లంతా వేయించిన అక్రోటు పప్పు వాసన. కోడి ముక్కలు వెన్నలో ఎర్రగా వేయించి, అదే కూజాలోంచి పోసింది, మీగడ వేసింది. మొదటి పళ్ళెం లాజార్ ముందు పెట్టింది. అదే కూజాలోంచి గ్లాసు నింపింది.

“ముందు మీరు తినండి అత్తయ్యా.”

“పాడుచేసినవాడివి నువ్వు. బాగుందో లేదో నువ్వే చెప్పు.”

వాడో ముద్ద తిని, గుక్క తాగి, మళ్ళీ ఓ ముద్ద తిన్నాడు. పళ్ళెం ఆవిడ వైపు జరిపాడు. ఆవిడా ఓ ముద్ద, ఓ గుక్క. చాలాసేపు నమిలింది.

“ఉప్పు తగ్గింది” అని లేచి, సుద్దముక్క తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. పలక మీద ‘కోడి’ అని రాసింది.

ఇప్పుడు మళ్ళీ ఆరు బల్లలకీ గుడ్డలు పరుస్తున్నారు. లాజార్ అటక గుమ్మం దాటి ఇప్పటికీ లోపలికి అడుగుపెట్టడు. ఆరు పీపాలనూ ఆరు దెయ్యాల్లా లేపి కూర్చోబెట్టిందని నేనిదంతా రాసి ఆవిడకే చదివి వినిపించాను. ఉల్లిపాయలు తరుగుతూ విని, తలెత్తకుండా అంది:

“ఆరు కాదు, నాలుగే. రెండు వెనిగర్ అయిపోయాయి. సలాడ్‌లో వాడుతున్నాను.”