పక్క సీటులో సల్బియా

సల్బియాకు వేగమంటే ప్రాణం. మేమిద్దరం పనిచేసిన సెనవాంగ్ ఊళ్లోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కారు. తలగుడ్డ బిగించి కట్టుకుని, నేలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడిచే మనిషి. మీటింగుల్లో నోరు విప్పేదాన్ని నేను. నా పక్కన నిలబడి నా చెయ్యి గిల్లేది తను.

పదిహేడో ఏట లైనులో చేరింది. అప్పటికే తల్లి పోయింది, తండ్రి మంచాన పడ్డాడు, తమ్ముడు హజ్రుల్ ఇంకా పలకా బలపం దశలో ఉన్నాడు. మొదట్లో మాకు స్టూళ్లుండేవి. తర్వాత ఎక్కడినుంచో ఓ పెద్దమనిషి దిగి, కూర్చున్న మనిషి చేతులు మందకొడిగా కదులుతాయని కనిపెట్టాడు. ఆ వారమే స్టూళ్లు పోయాయి. షిఫ్టంతా నిలబడి, మైక్రోస్కోపు మీదకు మెడా నడుమూ వంచి, వెంట్రుకకన్నా సన్నటి తీగలు అతికించాలి. యూనియన్ మాటెత్తిన ఆడపిల్లల్ని మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. మిగిలినవాళ్లం నడుముకు బామ్ రాసుకుని పనిలోకి పోయాం. సల్బియా వెన్నులో ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ల అరిగిపోయిందని ఫ్యాక్టరీ డాక్టరమ్మే చెప్పింది. చెప్పి, నొప్పి మాత్రలు చేతిలో పెట్టి, మళ్లీ లైనులోకి పంపింది.

ఆ జీవితంలో సల్బియాకు దొరికిన సరదా ఒక్కటే. తమ్ముడి కారులో పక్క సీటు.

హజ్రుల్ పెద్దవాడై ఏసీలు బాగుచేసే పనిలో కుదురుకున్నాక ఓ పాత ప్రోటాన్ సాత్రియా కొన్నాడు. చిన్న కారు, పొగరున్న కారు. మా వీధికి బస్సు లేదు. ఎన్ని అర్జీలు పెట్టినా రాలేదు. అందుకని రోజూ తెల్లవారుజామున అక్కను ఫ్యాక్టరీ దగ్గర దింపి తన పనికి పోయేవాడు. నెలకో ఆదివారం అదే కారు సెపాంగ్ రేసు ట్రాక్ మీదికి పోయేది. మొదటిసారి అక్కను ఎక్కించుకుని తిప్పినప్పుడు, తిన్నటి రోడ్డు చివర బ్రేకు తొక్కి కుడికి కోసేసరికి అక్క జడుసుకుందేమోనని పక్కకు చూశాడట. హెల్మెట్‌లోంచి ఆవిడ పళ్లన్నీ కనబడుతున్నాయి.

"ఇంకోసారి తిప్పరా," అందట. "ఈసారి ముందు పోయే ఆ ముసలాయన కారు వెనకాల నక్కకు. చూసేవాళ్లు నవ్వుతారు."

అప్పటినుంచి ట్రాక్ ఉన్న ఆదివారం మిగతావాళ్ల భార్యలు గొడుగుల కింద కూర్చుంటే, సల్బియా కారులో కూర్చునేది.

తర్వాత కారు కుదుపును ఆపే షాకులు నూనె కారి చచ్చిపోయాయి. మలుపులో కారు పడవలా ఊగుతోంది. కాయిలోవర్లు వేయించాలి, అంటే స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసి, ఎత్తు మనమే మార్చుకునే రకం. హజ్రుల్ కారును మెకానిక్ కియోంగ్ షెడ్డుకు తీసుకుపోయాడు. అక్క కూడా ఉంది. నేనూ ఉన్నాను, నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు తెచ్చింది నేనే.

కియోంగ్ కారు మూలల్ని మోకాలితో నొక్కి చూసి, "ట్రాక్ మీదకు ఎన్నాళ్లకోసారి పోతావు?" అన్నాడు.

"నెలకోసారి, షావుకారు."

"మిగతా రోజులు?"

"అక్కను పనికి దింపుతా."

"అయితే ఈ కారు అక్కది. నెలకోసారి నువ్వు అద్దెకు తీసుకుంటున్నావు." సల్బియా పకపకా నవ్వింది. కియోంగ్ నవ్వలేదు. "మీ వీధి నాకు తెలుసు. ఆ దిబ్బల మీద గట్టి స్ప్రింగు వేస్తే దెబ్బ టైరుకు కాదు, మనిషికి తగులుతుంది. మెత్తటి స్ప్రింగు, పొడుగు షాకు ఉన్న సెట్టు తెప్పిస్తా. మలుపులో కాస్త ఒరుగుతుంది. ఒరిగితే ఏం, పడిపోదుగా."

మా వీధి దిబ్బల సంగతి చెప్పాలి. టోల్ తప్పించుకోవడానికి మట్టి లారీలు మా ఇళ్ల మధ్య నుంచి పోయేవి. బడి గేటు ముందు కూడా ఆగేవి కావు. మునిసిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తి, వీధివాళ్లమంతా కలిసి సిమెంటు కలిపి మేమే స్పీడ్ బ్రేకర్లు పోసుకున్నాం. కొలతలూ లేవు, వాలూ లేదు. ఒక్కోటి చిన్నపాటి గోడ. ఈనాటికీ నేను వాటిని తప్పనను. పిల్లలు బతికారు. కానీ ప్రభుత్వం చెయ్యని పని జనం చేసుకుంటే దాని కుదుపు కూడా జనమే భరించాలి.

కియోంగ్ మాట హజ్రుల్‌కు నచ్చింది. అడ్డం వచ్చింది సంఘం.

సాత్రియాలున్న కుర్రాళ్లకో సంఘం ఉంది. దాని పెద్ద షాహ్రోమ్, పోస్టాఫీసు గుమాస్తా. ఏ సామాను కొన్నా అందరూ కలిసి ఒకటే రకం, ఒకేసారి ఆర్డరు పెడతారు. ఒక్క తల తక్కువైనా బేరం చెడిపోతుంది, అందరికీ. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర హజ్రుల్ నెమ్మదిగా కదిపాడు.

"అన్నా, నాకు కాస్త మెత్తవి చూస్తావా?"

"మెత్తవా? పోయి సోఫా కొనుక్కో," అన్నాడు షాహ్రోమ్. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు.

"అక్క నడుం అన్నా..."

"ఒరేయ్, షాకు పైన మర ఉంటుంది కదరా. ఎడమకు తిప్పితే మెత్తన, కుడికి తిప్పితే గట్టి. పొద్దున్న మీ అక్కకు ఎడమ, ఆదివారం నీకు కుడి. కారు ఒకటే, కాపురాలు రెండు." మళ్లీ నవ్వులు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు తప్పుకుంటే లెక్క విరిగిపోతుంది తమ్ముడూ. వీళ్లందరి మొహాలూ చూడు," అన్నాడు.

ఆ మర షాకు మీదే పనిచేస్తుంది, స్ప్రింగు మీద కాదు. గట్టి స్ప్రింగు పెట్టి మర వదులు చేస్తే గట్టితనం పోదు. ఎగిరిన బండి ఎగురుతూనే ఉంటుంది, అంతే. ఆ బల్ల దగ్గర ఈ సంగతి తెలియనివాళ్లు కొందరు. తెలిసీ ఆర్డరు చెడకూడదని ఊరుకున్నవాళ్లు కొందరు.

షాహ్రోమ్ చెడ్డవాడని రాస్తే నాకు సులువు. కానీ కాదు. సల్బియా తండ్రి పోయినప్పుడు ఈ కుర్రాళ్లే జనాజా మోశారు. ఏడో రోజు భోజనాలకు వానలో గొడుగులు పట్టుకుని గుండిగల్లో మాంసం కలిపారు. మా దగ్గర దాన్ని సాయమనరు. అదొక ముడి. ఒకరు గరిటె పట్టినప్పుడు ఇంకొకరు కూర్చోకూడదు. ఆ రివాజు గుండిగకు మంచిదే. దాన్ని స్ప్రింగులకు కూడా తగిలించారు. అదే తప్పు.

ఇంటికొచ్చి హజ్రుల్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఆర్డరులోంచి తప్పుకుంటానన్నాడు. సల్బియా ఒప్పుకోలేదు.

"నాన్న జనాజా మోసింది ఎవరురా? ఆ కియోంగ్ షావుకారా?"

"నీ నడుం అక్కా?"

"నా నడుం ఫ్యాక్టరీది. ఎప్పుడో రాసిచ్చేశాను. దాన్ని కొలిచి నువ్వు స్ప్రింగులు కొనకు. పో, పేరు ఇచ్చి రా."

"పొద్దున పూట మర వదులు చేస్తాలే."

"చెయ్యి. నాకో మర ఉందని అందరికీ చెప్పుకుంటా."

సెట్లు వచ్చాయి, బిగించారు. కారు నేలకు కరుచుకుని చూడముచ్చటగా ఉంది. మొదటి రోజు మా ఇంటి ముందు దిబ్బ దాటుతుంటే లోపలున్న ఇద్దరి తలలూ ఒక్కసారి పైకి లేచి దిగడం నేను కిటికీలోంచి చూశాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎలా ఉందే అని అడిగితే, "మన సూపర్‌వైజరును ఒక్కసారి ఎక్కించాలి వహీదా. స్టూలు విలువ తెలుస్తుంది," అంది.

తమ్ముడితో మాత్రం ప్రతిరోజూ "బాగుంది" అనేది. వాడు మర వదులు చేస్తే కుదుపు ఒక్కసారితో పోకుండా మూడుసార్లయింది. బిగిస్తే ఒకే దెబ్బ, సుత్తి దెబ్బ. కొన్నాళ్లకు ప్రతి దిబ్బ ముందూ రెండు చేతులూ సీటుకు ఆనించి ఒంటిని గాల్లోకి లేపుకోవడం అలవాటు చేసుకుంది. హజ్రుల్ అది చూశాడు. ట్రాక్ మీద కూడా అలాగే పట్టుకునేది కదా, సరదా పడుతోందనుకున్నాడు. ఇప్పుడు ఆ మాట చెప్పేటప్పుడు నేల చూపులు చూస్తాడు.

ఒక తెల్లవారుజామున ఫ్యాక్టరీ గేటు ముందు కారాగింది. సల్బియా తలుపు తీసింది, దిగలేదు. కుడికాలు తనది కాదన్నట్టు పడి ఉంది. "నువ్వెళ్లి కార్డు పంచ్ చెయ్యి, వస్తా," అంది నాతో. చెమటతో తలగుడ్డ తడిసిపోయింది.

ఆసుపత్రిలో కోసి కుట్టారు. కాలు కొంత వచ్చింది. నిలబడే పని మాత్రం ఇక లేదన్నారు. ఎత్తు తక్కువ సీట్లలో కూర్చోవద్దన్నారు.

హజ్రుల్ కనబడిన ప్రతివాడి దగ్గరా అదే మాట. నా కారే చేసింది, నేనే చేశాను. ఆ మాట పట్టుకునే, ఒకరోజు ఫ్యాక్టరీ సిబ్బంది ఆఫీసు నుంచి ఓ ఆవిడ కమలాపళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చింది. మంచం పక్కన కూర్చుని, ఎంతో మెత్తగా, "నువ్వేం చేశావు తమ్ముడూ?" అని అడిగింది. వాడు పాతరలోంచి పాపం తవ్వి తీసినట్టు అంతా చెప్పాడు. స్ప్రింగులూ, దిబ్బలూ, మరా. ఆవిడ తల ఊపుతూ వింది.

నెల తిరక్కుండా కబురు వచ్చింది. ఈ దెబ్బ పనిలో తగిలింది కాదు, సొంత కారుకు చేయించుకున్న మార్పుల వల్ల తగిలింది, కాబట్టి ఫ్యాక్టరీకి బాధ్యత లేదు.

నేను ఆఫీసుకు వెళ్లి అరిచాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ వెన్నును లైను మీద వంచింది ఎవరు? బిళ్ల అరిగిందని చెప్పింది మీ డాక్టరమ్మ కాదా? చివరి గడ్డిపరక పెట్టినవాడు ఏడుస్తున్నాడు, మోపంతా ఎత్తినవాడు కమలాపళ్లు తెచ్చాడు. పాత లైనువాళ్లం గేటు ముందు నినాదాల అట్టలు పట్టుకుని నిలబడ్డాం కూడా. గార్డులు మాకు మంచినీళ్లిచ్చారు. లోపలినుంచి ఎవరూ రాలేదు. హజ్రుల్ తన మాట వెనక్కి తీసుకుంటానన్నాడు. సల్బియా వద్దంది. "వాడు అబద్ధమేం చెప్పలేదుగా వహీదా," అంది నాతో. "సగం నిజం చెప్పాడే," అన్నాను. "మిగతా సగం వాళ్లు చెప్పాలి," అంది. చెప్పలేదు.

వాడు కారు అమ్మేస్తానన్నాడు. "అమ్మితే నేనెవరిని అడగాలిరా సెపాంగ్ సంగతులు?" అని కసిరింది. చివరికి కియోంగ్ దగ్గరకెళ్లి, మొదట చెప్పిన ఆ మెత్తటి సెట్టే ఒంటరిగా తెప్పించి వేయించుకున్నాడు. సంఘంలో ఎవరూ ఒక్క ముక్క అనలేదు. ఎక్కాల్సిన మనిషి ఎక్కలేదు. ఆదివారం పోను పోనంటే ఆవిడే తిట్టి పంపింది.

ఆ సాయంత్రం నేను చేపల పులుసు గిన్నె పట్టుకుని వెళ్తుంటే గేటు దగ్గర షాహ్రోమ్ ఎదురయ్యాడు, తన బండిలో తెచ్చిన హజ్రుల్ టైర్లు దించుతూ.

"వహీదక్కా, వాడివాళ అందర్నీ కొట్టేశాడు. ట్రాక్ అంచున ఉండే ఎరుపు తెలుపు గట్ల మీద మా బండ్లు కుందేళ్లలా ఎగురుతుంటే వాడిది నేలను నాకుతూ పోయింది. ఎప్పుడూ రాని టైము." ఆగాడు. "ఆ రోజు సోఫా కొనుక్కో అన్నాను." టైరు గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

లోపల సల్బియా బోర్లా పడుకుని ఉంది. తమ్ముడు కింద కూర్చున్నాడు. ట్రాక్ మొత్తం చెప్పించుకుంటోంది, మలుపు మలుపుకీ.

"ఆ ఎడమ మలుపు? అక్కడ వెనక చక్రాలు జారేవి కదా?"

"జారలేదక్కా."

"బ్రేకు ఎక్కడ వేశావు?"

"ఎప్పుడూ వేసే చోటే."

"మరి టైము? తగ్గిందా?"

హజ్రుల్ నా మొహంలోకి చూశాడు. నేను షాహ్రోమ్‌తో మాట్లాడడం వాడు కిటికీలోంచి చూసే ఉంటాడు. గిన్నె బల్ల మీద పెట్టి మూత సర్దుతూ నిలబడ్డాను.

"లేదక్కా," అన్నాడు. "పెరిగింది. మెత్తవి కదా."

సల్బియా దిండు మీద తల ఇటు తిప్పింది. మొహంలో వెలుగు.

"చూశావా మరి? అప్పుడు గట్టివి వేయించడమే మంచిదైంది. నాకోసం మెత్తవి వేయించుంటే ఇన్నాళ్లూ వెనకబడిపోయేవాడివి." చెయ్యి చాచి వాడి తల మీద పెట్టింది. "ఇంక ఏడవకు. ఊరికే పోలేదు కదరా నా నడుం."

నేను నోరు తెరిచాను. మీటింగుల్లో ఏనాడూ మూతపడని నోరు.

"పులుసు చల్లారిపోతోంది, లేవండి," అన్నాను.