గ్లెనిస్ కార్డు రాయని సీసా

గ్లెనిస్ నోస్కే చేతిరాత ఆస్ట్రేలియాలోని మా బరోస్సా లోయలో చాలామందికి తమ పాస్టరు గొంతు కన్నా బాగా తెలుసు. నీలం మార్కరుతో, కుడివైపుకు కాస్త వాలి, అరచేయంత అట్టముక్క మీద రెండు మూడు వాక్యాలు. బేకరీ పక్కన ఆమె పనిచేసే డెనిస్ వైన్ కొట్టులో అరల అంచులకు ఆ అట్టముక్కలు వేలాడుతుంటాయి. కార్డు ఉన్న సీసా కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. కార్డు లేని సీసా కొన్నవాడి ఖర్మ.

నాలుగు లీటర్ల పెట్టె వైన్ దగ్గర ఇలా ఉంటుంది: “పిల్లల పుట్టినరోజుకు వచ్చే పెద్దలకు. ఐసు వేసుకోండి. ఎవరూ చూడరు.” పన్నెండు డాలర్ల రీస్లింగ్ తెల్ల వైన్ దగ్గర: “చేపకి. చేప దొరక్కపోతే ఎండకి.” ఇరవై ఆరు డాలర్ల గ్రెనాష్ ఎర్ర వైన్ దగ్గర: “అత్తగారు వస్తే. వారం ఉంటానంటే పన్నెండుకి దిగండి.” అరవై డాలర్ల షిరాజ్‌కి, అదీ ఎర్రదే: “మీ పై అధికారికి ఇవ్వకండి. ఆయనకి తేడా తెలియదు. మీకు తెలుసు.” నూట ఇరవైదానికి ఒకటే వాక్యం: “కొనేముందు నన్ను అడగండి.” అడిగినవాళ్లలో ముప్పాతిక మందిని ఆమె ఇరవై ఆరు దగ్గరికి పంపేసేది. కొట్టు యజమాని డెనిస్‌కు ఇది మొదట్లో మింగుడు పడలేదు. ఆ ఇరవై ఆరు డాలర్లవాళ్లే నెలనెలా తిరిగొస్తున్నారని గమనించాక ఇక మాట్లాడలేదు.

ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. ఎవరు తాగుతారు, పక్కన ఏం తింటారు, ఎంత దాటితే మీకు బాధేస్తుంది. మూడోదానికి జనం సిగ్గుపడేవారు. అడిలైడ్ నుంచి కార్లలో వచ్చే పెద్దమనుషులైతే మరీను.

“డబ్బుదేముందండీ,” అనేవారు.

“డబ్బుదే ఉంది. చెప్పండి,” అనేది గ్లెనిస్.

ఈ విద్య ఆమె ఎక్కడా చదువుకోలేదు. తండ్రి పీపాలు చేసేవాడు. ఆమె వాటిలో తల దూర్చి వాసన చూస్తూ పెరిగింది. ఇరవయ్యో ఏట చర్చిలో, ప్రభు భోజనం తీసుకుని లేస్తూ, ద్రాక్షారసం చెడిపోయిందని పాస్టరు చెవిలో చెప్పింది. ఆయన కోపంగా చూసి, ఒక గుక్క తాగి, సీసా మార్పించాడు. మా లోయలో జనం ఒక మనిషిని నమ్మడానికి అంతకన్నా పెద్ద సాక్ష్యం అడగరు.

అయితే మూడో అరలో, కుడి చివర, ఒక సీసా ముందు మాత్రం పందొమ్మిదేళ్లుగా కార్డు లేదు. పేరు ‘నోస్కే ఏడు సాళ్ల షిరాజ్’. ధర నలభై రెండు డాలర్లు. లేబుల్ మీద బొడ్డుదాకా గడ్డమున్న ముసలాయన బొమ్మ. చేసింది లయల్ నోస్కే, అంటే గ్లెనిస్ మొగుడు.

లయల్ తన తోటలో పండిందంతా పెద్ద వైనరీకి తోలేస్తాడు. తాత నాటిన ఏడు సాళ్లు మాత్రం తనకని ఉంచుకుని, షెడ్డులో ఏటా పాతిక డజన్ల సీసాలు చేస్తాడు. లేబుల్ మీదున్న ఆ తాత బతికున్నన్నాళ్లూ టీ తప్ప ఇంకోటి ముట్టలేదు. లయల్ తాగేది బీరు. ధర నలభై రెండు ఎందుకంటే, కంచె అవతలి మెర్విన్ ఓబ్స్ట్ తన షిరాజ్‌ను నలభైకి అమ్ముతాడు. అంతకు మించి అందులో శాస్త్రమేమీ లేదు.

ఆ వైను చెడ్డదైతే బాగుండేది. చెడ్డదని చెప్పేసి గ్లెనిస్ నిద్రపోయేది. అది మంచిదే. నలభై రెండంత మంచిది కాదు, అంతే. ఊరందరికీ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పే మనిషి ఇంట్లో మాత్రం పందొమ్మిదేళ్లు నోరు కుట్టుకుంది. తప్పు ఆమెదే. లయల్ మొహం చిన్నబోతే చూడలేకపోయేది, అదీ సంగతి. అతనూ అడగలేదు. గురువారం గురువారం బీరు కోసం కొట్టుకు వచ్చి, మూడో అర ముందు కాసేపు నిలబడి, “ఈ ఫ్యాను తిరుగుతోందా?” అని అడిగి వెళ్లిపోయేవాడు.

సీసాలు ఏడాదికి పదో పన్నెండో కదిలేవి, అవీ గడ్డం చూసి ముచ్చటపడే టూరిస్టుల చేతుల్లో. మిగతావి షెడ్డులో పేరుకుపోయాయి. మొన్న జనవరికి గోడ నుంచి గోడకు నిండిపోయి, కొత్త కోతకు పీపా దొర్లించే చోటు కూడా లేకుండా పోయింది.

ఆ నెలలోనే ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర లయల్ నోరు విప్పాడు. బల్ల మీద పొగబెట్టిన పంది సాసేజి, రొట్టె, సోయికూర వేసి ఊరబెట్టిన కీర దోసకాయలు. మా దగ్గర జనవరి అంటే నడివేసవి; బయట నలభై మూడు డిగ్రీల ఎండ.

“కోతకు ఇంక ఆరు వారాలే. చోటు లేదు. ఆ ఏడు సాళ్లూ పీకించేస్తాను. బుల్డోజర్ వాడితో మాట్లాడాను,” అన్నాడు.

గ్లెనిస్ చేతిలో కత్తి దోసకాయ మీదే ఆగింది. పెళ్లయిన ఏడాది ఆమె ఆ సాళ్లలో మోకాళ్ల మీద కూర్చుని కొమ్మలు కత్తిరించింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా.

“ఎప్పుడట?”

“ఫిబ్రవరి చివరి శనివారం. ఈలోగా సరుకు కదిలితే వద్దంటాను.” లయల్ రొట్టె మీద వెన్న రాసిన చోటే మళ్లీ రాశాడు. “నువ్వొక కార్డు రాస్తే కదులుతుందేమో.”

పందొమ్మిదేళ్ల తర్వాత అడిగాడు. గ్లెనిస్ దోసకాయ కోయడం పూర్తిచేసింది.

“ఏం రాయమంటావు?”

“నీకు తోచింది రాయి. ఊళ్లో అందరికీ రాశావుగా. మెర్విన్‌కి కూడా రాశావు.”

“మెర్విన్‌ది బాగుంది.”

“ఎంత బాగుంది?”

“నలభై అంత.”

లయల్ చాలాసేపు నమిలాడు.

“మరి నాది?”

ఇక్కడ ఆమె చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అతని మొహం చూసింది. “తిను, ఆరిపోతోంది,” అంది. బల్ల మీద వేడిదంటూ ఒక్కటీ లేదు. లయల్ టోపీ తీసుకుని షెడ్డుకు వెళ్లిపోయాడు. తర్వాత రెండు వారాలు వాళ్లిద్దరూ వాన గురించి మాత్రమే మాట్లాడుకున్నారు. వాన పడలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. గ్లెనిస్ బాధ అది కాదు. ఆ చెట్టు మందుకు పనికొస్తుందని ఆమెకు తెలుసు. దాన్ని ఏ రోగానికి, ఏ ధరకి ఇవ్వాలో చెప్పడానికే నోరు రాలేదు. అబద్ధపు కార్డు ఒక్కటి వేలాడదీస్తే మిగతా కార్డులన్నీ ఉత్త అట్టముక్కలైపోతాయి. వేలాడదీయకపోతే ఏడు సాళ్లు పోతాయి. ఆ రెండు వారాలూ ఆమె కొట్టులో ఎవరికి ఏం చెప్పినా నోరు చేదుగానే ఉంది.

ఫిబ్రవరి రెండో సోమవారం అడిలైడ్ నుంచి లారీ వచ్చింది. లేబుల్ లేని సీసాలు, అరవై డజన్లు. మా దగ్గర ఇది మామూలే. సరుకు మిగిలిపోయి, పరువు కాపాడుకోవాలనుకునే ఆసాములు దళారికి పేరు లేకుండా అమ్మేస్తారు. ఎవరిదో అడగకూడదు, తెలిసినా చెప్పకూడదు.

డెనిస్ ఒక సీసా మూత తిప్పి గ్లాసులో పోశాడు. “బరోస్సా షిరాజే అన్నాడు దళారి. ఇవి పోతే ఆ ఆసామి దగ్గర ఇంకో మూడు వందల డజన్లున్నాయట, అవీ తీసుకుంటాడట. పోకపోతే వద్దట. తొమ్మిదికి పెడదామా? రుచి చూసి చెప్పు.”

గ్లెనిస్ గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పండు వాసన, దాని వెనకాల సన్నగా నీలగిరి ఆకు వాసన. ఏడో సాలు చివర ఒక పాత నీలగిరి చెట్టు ఉంది. ఆ ఆకులు ఏటా ద్రాక్ష మీద రాలతాయి. లయల్ ఏటా తిట్టుకుంటాడు, చెట్టు కొట్టడు.

తాగాల్సిన పని లేదు. అయినా తాగింది. ఆ సీసాలు ఆమె వంటింటికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఈ కొట్టుకు రావడానికి డెబ్బై కిలోమీటర్లు పోయి, డెబ్బై కిలోమీటర్లు వెనక్కొచ్చాయి. తాత గడ్డం లేకుండా, నోస్కే అన్న పేరు లేకుండా. తనకు చెప్పకుండా అమ్మేశాడని కోపం రావాలి. రాలేదు. ఎవరూ చూడకుండా లేబుళ్లు ఒక్కొక్కటీ నానబెట్టి గీకుతూ షెడ్డులో కూర్చున్న లయల్ ఆమె కళ్ల ముందు మెదిలాడు.

“పద్నాలుగు,” అంది.

“పేరు లేని సీసాకి పద్నాలుగా?”

“పద్నాలుగు. కార్డు నేను రాస్తాను.”

మార్కరు తీసుకుని చాలాసేపు కూర్చుంది. ఇది రాస్తే ఊరికి తెలిసిపోతుంది. లయల్ దాచుకున్న పరువు బజారున పడుతుంది. రాయకపోతే ఇదంతా తొమ్మిది డాలర్ల గుట్టలో కలిసిపోయి, చివరి శనివారం వచ్చేస్తుంది. ఆమెకు తెలిసిన నిజం ఒక్కటే ఉంది. అది రాసి వేలాడదీసింది.

“గొర్రె మాంసానికి. మామూలు రోజుకి. పందొమ్మిదేళ్లుగా నేను ఇంట్లో తాగేది ఇదే.”

డెనిస్ చదివాడు. గడ్డం గోక్కున్నాడు. “ఎవరిదో చెప్పకూడదన్నారు గ్లెనిస్.”

“నేనెక్కడ చెప్పాను?”

గురువారానికి అరవై డజన్లలో నలభై ఒకటి పోయాయి. ఆ సాయంత్రం లయల్ బీరు కోసం వచ్చాడు. అప్పటికే మెర్విన్ ఓబ్స్ట్ తోపుడుబండి మీద రెండు అట్టపెట్టెలు ఎక్కిస్తున్నాడు. మెర్విన్ మంచివాడే. నోరు మాత్రం అతని చేతిలో ఉండదు.

“ఏవోయ్ లయల్, మీ ఇంట్లో తాగేదే పద్నాలుగు డాలర్లకి ఇక్కడ ఇచ్చేస్తున్నారు. చూశావా?”

లయల్ కార్డు చదివాడు. మళ్లీ చదివాడు. మెడ ఎర్రబడింది.

“చూశాను.”

“నిన్న రాత్రి ఒకటి తాగాం. మా ఆవిడ నా నలభైది పక్కన పెట్టేసి ఇదే పొయ్యమంది. ఎవడు చేశాడో గానీ, ముందే ఈ ధర పెట్టి ఉంటే నన్ను ముంచేసేవాడు.” మెర్విన్ బండి తోసుకుంటూ గుమ్మం దాటాడు. ఎవడు చేశాడో అతనికి తెలుసు. ముప్పై ఏళ్లుగా కంచె అవతలే ఉన్నాడు.

కొట్టులో ఇద్దరే మిగిలారు. డెనిస్ వెనక గదిలో ఖాళీ పెట్టెలు సర్దుతున్నట్టు చప్పుడు చేస్తున్నాడు.

“రోజూ సాయంత్రం ఒక గ్లాసు పోసుకుంటావు కదా,” అన్నాడు లయల్, అర వైపే చూస్తూ. “ఇన్నేళ్లూ నా మీద జాలితో తాగుతున్నావనుకున్నాను.”

“పందొమ్మిదేళ్లు ఎవరూ జాలితో తాగరు లయల్.”

అతను ఫ్యాను వైపు చూశాడు. అది తిరుగుతూనే ఉంది.

“పద్నాలుగైతే ముందే రాసేదానివా?”

“మొదటి వారమే.”

“మరి చెప్పొచ్చుగా.”

“చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. నీ మొహం చూస్తే నోరు రాలేదు.”

లయల్ మూడో అర కుడి చివరికి వెళ్లి, తాత బొమ్మ ఉన్న సీసా చేతిలోకి తీసుకుని, నలభై రెండు అన్న చీటీని గోటితో పీకడం మొదలుపెట్టాడు. జిగురు పాతది, చాలాసేపు పట్టింది.

“పదిహేను,” అన్నాడు. “గడ్డానికి ఒకటి.”

గ్లెనిస్ ఏ కొనుగోలుదారు మాటైనా తూచినట్టే దీన్నీ తూచింది. “గడ్డం ఒక డాలరు చేస్తుంది,” అని మార్కరు మూత తీసింది.

మర్నాడు దళారి ఫోన్ చేసి మిగతా సరుకంతా అడిగాడు. లయల్ సగమే ఇచ్చాడు. మిగతా సగం గడ్డంతోనే పోతుందన్నాడు.

చివరి శనివారం మధ్యాహ్నం బుల్డోజర్ వాడు కొట్టులోకి వచ్చాడు. పొద్దున్నే ఫోన్ చేసి పని వద్దన్నారట, ఒక రోజు కూలి పోయిందని గొణుక్కుంటూ అరల మధ్య తిరిగాడు. చివరికి గ్లెనిస్ దగ్గరికి వచ్చి ఏది బాగుంటుందని అడిగాడు.

“ఎవరు తాగుతారు?”

“నేను, మా ఆవిడ.”

“ఏం తింటారు?”

“గొర్రె మాంసం.”

“ఎంత దాటితే బాధేస్తుంది?”

“మామూలుగా అయితే ఇరవై. ఇవాళ పని పోయింది కాబట్టి పదిహేను.”

గ్లెనిస్ అతన్ని మూడో అర కుడి చివరికి తీసుకెళ్లింది.